తీగ గెలిచే దూరం.. కాంతి గెలిచే దూరం

చిప్‌ లోపలి కబుర్లకు కరెంటు ఖర్చెంత?

బెంగళూరు: హోసూరు నుంచి పొద్దున్నే ఎలక్ట్రానిక్స్‌ సిటీకి బస్సెక్కే తెలుగు కుర్రాళ్లలో చిప్‌ డిజైన్‌ చేసేవాళ్లు బోలెడుమంది. ఇక మారతహళ్లి, బెళ్లందూరు వైపు చెప్పనే అక్కర్లేదు. పండక్కి బళ్లారికో, కోలారుకో వెళ్లినప్పుడు 'ఏం పని చేస్తావురా అబ్బాయ్‌' అని తాతయ్య అడిగితే, 'చిప్‌లో తీగలు లాగుతుంటాం తాతయ్యా' అని చెప్పి తప్పించుకుంటారు. ఆయన అదేదో కరెంటు పని అనుకుని ఊరుకుంటారు. నిజానికి తాతయ్య అనుకున్నదీ పెద్ద తప్పేం కాదు. ఇవాళ కంప్యూటర్‌ చిప్‌ తాగే కరెంటులో పెద్ద పద్దు లెక్కలు చేయడానికి కాదు.. ఆ లెక్కల్ని తీగల మీద అటూ ఇటూ మోయడానికే.

మరి ఆ తీగలు తీసేసి కాంతిని పెడితే? ఈ ప్రశ్నకు నలభై ఏళ్ల వయసుంది. 'కాంతితో మాట్లాడుకునే చిప్‌లు వచ్చేస్తున్నాయి, కరెంటు ఖర్చు మాయమైపోతుంది' అనే మాట కొన్నేళ్లకోసారి గట్టిగా వినిపిస్తుంది, మళ్లీ సద్దుమణుగుతుంది. కాంతి వచ్చిన మాట నిజమే. అయితే పిలిచిన చోటికి రాలేదు. చిప్‌ నడిమింట్లోకి రమ్మంటే గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియాలంటే పికోజౌళ్ల లెక్క కాస్త వేయాలి. భయపడక్కర్లేదు, కిరాణా కొట్టు కూడికలంత తేలిక.

చేయడం చౌక.. మోయడం ఖరీదు

పికోజౌల్‌ అంటే జౌల్‌లో లక్ష కోట్లో వంతు. ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఒక్కో బిట్‌ మోయడానికి 1 పికోజౌల్‌ ఖర్చయ్యే దారిలో సెకనుకు లక్ష కోట్ల బిట్లు (1 టెరాబిట్‌) పంపితే అయ్యే ఖర్చు సరిగ్గా 1 వాటు. 5 పికోజౌళ్లయితే 5 వాట్లు.

2014లో స్టాన్‌ఫోర్డ్‌ ప్రొఫెసర్‌ మార్క్‌ హొరోవిట్జ్‌ ఓ సదస్సులో చూపించిన ధరల పట్టిక చిప్‌ డిజైనర్ల లోకంలో బాగా పేరుపడింది. 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల పూర్ణ సంఖ్యల్ని కూడటానికి 0.1 పికోజౌల్‌. అదే బయటి మెమరీ నుంచి ఒక్కసారి సమాచారం తెచ్చుకోవాలంటే 1,300 నుంచి 2,600 పికోజౌళ్లు. పది వేల రెట్లకు పైమాటే! కూర వండటానికి రూపాయి, కూరగాయలు తేవడానికి ఆటోకు పది వేలు అన్నట్టుంది వ్యవహారం.

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా డేటా సెంటర్లు వాడిన కరెంటు సుమారు 415 టెరావాట్‌ అవర్లు. అంటే మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం. 2030కల్లా ఇది 945కి చేరొచ్చని ఆ సంస్థ అంచనా. 2025 అక్టోబరులో గూగుల్‌ విశాఖపట్నంలో పెడతామని ప్రకటించిన ఏఐ కేంద్రం గిగావాటు స్థాయిది. మన రాయచూరు పక్కన శక్తినగర్‌లోని థర్మల్‌ కేంద్రం మొత్తం సామర్థ్యం 1,720 మెగావాట్లు. అందులో సగానికి పైగా ఒక్క కేంద్రానికే కావాలన్నమాట. ఇంత కరెంటులో ఎంత భాగం 'మోత కూలి' కింద పోతోందన్నదే అసలు ప్రశ్న.

కాలువ కడుపు నిండితేనే..

తీగ మీద బిట్‌ పంపడానికి ఖర్చెందుకవుతుంది? గంగావతి, సింధనూరు క్యాంపుల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద సేద్యం చేసే మనవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. డ్యాం దగ్గర వదలగానే నీళ్లు చివరి తూముకు రావు. ముందు కాలువ కడుపు నిండాలి. పొడవు పెరిగే కొద్దీ నింపడానికి నీళ్లూ ఎక్కువ కావాలి, రోజులూ ఎక్కువ పడతాయి.

చిప్‌లో సన్నటి రాగి తీగదీ ఇదే కథ. '1' పంపాలంటే తీగ పొడవునా ఛార్జి నింపాలి. వెంటనే '0' పంపాలంటే నింపిందంతా పారబోయాలి. మళ్లీ 1 అంటే మళ్లీ నింపుడు. సెకనుకు కొన్ని వందల కోట్లసార్లు ఇదే పని. కాలువలో నీళ్లు కనీసం పొలానికి పనికొస్తాయి. ఇక్కడ పారబోసింది వేడిగా మారి ఫ్యాను నెత్తిన పడుతుంది.

మిల్లీమీటరు తీగను నింపి పారబోయడానికి, మధ్యలో సిగ్నల్‌కు ఊపిరిపోసే రిపీటర్లను కూడా కలుపుకొని, సగటున బిట్‌కు సుమారు 0.1 పికోజౌల్‌ అనుకోవచ్చు. 5 మిల్లీమీటర్లకు అర పికోజౌల్‌. చిప్‌ ఈ మూల నుంచి ఆ మూలకు 20 మిల్లీమీటర్లయితే 2 పికోజౌళ్లు. దూరానికి తగ్గ కూలి. అయితే తీగలో ఒక మంచి గుణం ఉంది. పంపనప్పుడు దాదాపు ఖర్చుండదు. దీన్ని మరిచిపోవద్దు, కథంతా దీనిమీదే తిరుగుతుంది.

బెంగళూరు చెయ్యి పడిన రెండు చిప్‌లు

ఒకే చిప్‌లో పదుల కోర్లు పెట్టడం మొదలైనప్పుడు ప్రతి కోరునూ ప్రతి కోరుతో నేరుగా తీగలతో కలపడం కుదరదని తేలిపోయింది. ఊళ్లో ప్రతి ఇంటికీ ప్రతి ఇంటి నుంచీ విడిగా రోడ్డు వేయలేం కదా. వీధులు, కూడళ్లు వేసి, ప్రతి కూడలిలో ఓ రౌటర్‌ను కూర్చోబెట్టారు. సమాచారాన్ని పొట్లాలు కట్టి కూడలి నుంచి కూడలికి దాటిస్తారు. దీన్నే చిప్‌ లోపలి నెట్‌వర్క్‌ అంటున్నారు. 2001లో విలియం డాలీ, బ్రయాన్‌ టౌల్స్‌ రాసిన పత్రంతో ఈ ఆలోచనకు ఊపు వచ్చింది.

దీనికి పెద్ద పరీక్ష 2007లో ఇంటెల్‌ చూపించిన 80 కోర్ల ప్రయోగాత్మక చిప్‌. అమెరికాలోని హిల్స్‌బరో, మన బెంగళూరు ఇంజినీర్లు కలిసి దాన్ని తయారుచేశారు. 275 చదరపు మిల్లీమీటర్లు, పది కోట్ల ట్రాన్సిస్టర్లు. 62 వాట్లతో సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేసి చూపింది. పదేళ్ల ముందు అదే వేగం కోసం అమెరికాలో సుమారు పది వేల ప్రాసెసర్లతో ఓ హాలంత యంత్రం కట్టాల్సి వచ్చింది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ చిప్‌లో ఒక్కో గడి తాగే కరెంటులో 28 శాతం రౌటర్లు, తీగలకే పోయింది. పావలాకు పైగా మోత కూలి! కోర్లు ఇంకా పెరిగితే ఏం గతి అని ఇంజినీర్లు తలపట్టుకున్నారు. సరిగ్గా ఆ సందులోంచే కాంతి లోపలికి తొంగిచూసింది.

మూడేళ్లు తిరక్కుండానే, 2009 డిసెంబరులో, అదే కంపెనీ 48 కోర్ల మరో ప్రయోగాత్మక చిప్‌ను బయటపెట్టింది. ఈసారి బెంగళూరు, హిల్స్‌బరోతో పాటు జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌ బృందమూ చేయి కలిపింది. అందులో నెట్‌వర్క్‌ పద్దు ఎంతో తెలుసా.. మొత్తం కరెంటులో సుమారు 10 శాతం. ఈ రెంటినీ నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. రెండో చిప్‌లో కోర్లు బరువైనవి, రెండేసి కోర్లకు ఒక రౌటర్‌ను పెట్టారు, లెక్క కట్టిన తీరూ వేరు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. కాంతి వచ్చేదాకా తీగ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పనిలేనప్పుడు రౌటర్‌ను పడుకోబెట్టడం, తక్కువ వోల్టేజీతో నడపడం, మాట్లాడుకునే కోర్లను పక్కపక్కనే కూర్చోబెట్టడం.. ఇలా ఎన్నో కిటుకులు నేర్చుకుంది. కాంతి గొప్ప చెబుతూ వచ్చిన లెక్కల్లో చాలా వాటికి వచ్చిన చిక్కే ఇది. రేపటి కాంతిని నిన్నటి తీగతో పోల్చారు.

దీపం అటు వెలుగుతూ ఉండాల్సిందే

కాంతితో చిప్‌లను కలపొచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. 1984లోనే స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన జోసెఫ్‌ గుడ్‌మన్‌, సహచరులు దీనిమీద పత్రం రాశారు. 2000 తర్వాత సిలికాన్‌లోనే కాంతికి దారులు చెక్కడం, ఆ కాంతిని ఆపి వదిలే తలుపులు చేయడం చేతనైంది. 2008లో హెచ్‌పీ ల్యాబ్స్‌ బృందం 256 కోర్లను పూర్తిగా కాంతితో కలిపే నమూనాను కాగితం మీద గీసింది. దాని పేరు కరోనా. పేరు విని ఉలిక్కిపడకండి, అప్పటికి ఆ మాటకు సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు వలయం అన్న అర్థమే జనానికి గుర్తొచ్చేది.

పని చేసే తీరు ఇదీ. చిప్‌ బయట ఓ లేజర్‌. అందులోంచి వచ్చే కంటికి కనిపించని పరారుణ కాంతిని వెంట్రుక కంటే ఎంతో సన్నని సిలికాన్‌ దారిలోకి ఎక్కిస్తారు. దారి పక్కన కొన్ని మైక్రాన్ల వెడల్పున్న చిన్న చిన్న ఉంగరాలు. ఒక్కో ఉంగరం ఒక్కో రంగు కాంతిని మాత్రమే పట్టుకుంటుంది. దానికి కాస్త వోల్టేజీ ఇచ్చి తీస్తే ఆ రంగు ఆగుతుంది, పోతుంది.. అవే 0, 1. అవతలి చివర ఇంకో ఉంగరం ఆ రంగును దించుకుని జర్మేనియం డిటెక్టర్‌కు ఇస్తుంది. అది మళ్లీ కరెంటుగా మారుస్తుంది. ఒకే దారిలో పదుల రంగులు ఒకదాన్నొకటి తగలకుండా వెళ్తాయి. కాలువ నింపే పని లేదు. 2 మిల్లీమీటర్లకు పంపినా, 2 మీటర్లకు పంపినా ఖర్చు దాదాపు ఒకటే.

వినడానికి ఎంత బాగుంది! మెలిక లేజర్‌ దగ్గర ఉంది. కాలువకు నీళ్లు కావాల్సినప్పుడు వదిలితే చాలు. లేజర్‌ అలా కాదు, అఖండ దీపం లాంటిది. సందేశం ఉన్నా లేకపోయినా వెలుగుతూ ఉండాల్సిందే, నూనె తాగుతూ ఉండాల్సిందే.

మనమే ఓ లెక్క వేద్దాం. సెకనుకు 1,000 కోట్ల బిట్లు (10 గిగాబిట్లు) పంపే ఒక్క రంగు తీసుకుందాం. అవతల డిటెక్టర్‌కు 10 మైక్రోవాట్ల కాంతి చేరాలనుకుందాం. దారిలో ఎక్కేచోట, దిగేచోట, మలుపుల్లో, వందల ఉంగరాల పక్కనుంచి పోయేటప్పుడు కాంతి కారిపోతుంది. 15 డెసిబెళ్ల నష్టం అంటే 32 రెట్లు. అంటే లేజర్‌ నుంచి 320 మైక్రోవాట్ల కాంతి బయల్దేరాలి. లేజర్‌ తాగిన కరెంటులో కాంతిగా మారేది పదో వంతు అనుకుంటే, ప్లగ్గు దగ్గర 3.2 మిల్లీవాట్లు. ఇంకా అయిపోలేదు.

ఉంగరాలకు చలి కాపుడు

ఉంగరాలది మరీ సుకుమారం. వేడి ఒక్క డిగ్రీ మారితే అది పట్టుకునే రంగు సుమారు 0.08 నానోమీటర్లు జరిగిపోతుంది. పక్క రంగుకూ దీనికీ ఎడం 0.8 నానోమీటర్లు ఉందనుకుంటే, పది డిగ్రీల తేడా చాలు.. మన ఉంగరం పొరుగువాడి ఉత్తరం చించి చదివేస్తుంది. ప్రాసెసర్‌లో పని పెరిగినప్పుడు, తగ్గినప్పుడు వేడి పదుల డిగ్రీలు మారడం మామూలే. అందుకే ప్రతి ఉంగరానికీ ఓ బుల్లి హీటర్‌ కట్టి ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుతారు. చల్లబరచడానికి నానా తంటాలు పడే చిప్‌లో కావాలని కుంపట్లు పెట్టడమన్నమాట!

పంపేవైపు ఒకటి, అందుకునేవైపు ఒకటి.. రెండు హీటర్లకు ఒక్కో మిల్లీవాటు వేసుకుంటే మొత్తం 5.2 మిల్లీవాట్లు. ఆ దారి రోజంతా నిండుగా నడిస్తే బిట్‌కు 0.52 పికోజౌల్‌ పడుతుంది. ఉంగరాన్ని ఆడించే సర్క్యూట్లు, డిటెక్టర్‌ వెనకాల యాంప్లిఫయర్‌ ఖర్చు ఇందులో కలపలేదు. ఇప్పుడు తీగతో పక్కపక్కన పెట్టి చూడండి.

5 మిల్లీమీటర్ల దూరానికి తీగ ఖర్చు 0.5. కాంతి నిండుగా నడిచినా సరిసమానం. 20 మిల్లీమీటర్లకు తీగ ఖర్చు 2, కాంతి అదే 0.52. అంటే నాలుగో వంతు. కాంతి గెలిచినట్టే కదా? ఆగండి. ఆ దారి పది శాతం సమయమే పనిచేస్తే? లేజర్‌, హీటర్లు మాత్రం నూటికి నూరు శాతం తాగుతూనే ఉంటాయి. అప్పుడు బిట్‌కు 5.2 పికోజౌళ్లు. 20 మిల్లీమీటర్ల దగ్గర కూడా తీగ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ! ఇద్దరూ సమానం కావాలంటే ఆ దారి కనీసం 26 శాతం సమయం నిండుగా నడవాలి. చిప్‌ లోపలి ట్రాఫిక్‌ సిల్క్‌బోర్డు జంక్షన్‌లా ఎప్పుడూ కిక్కిరిసి ఉండదు. ఒక్కసారి గుంపుగా వచ్చి, తర్వాత చాలాసేపు నిర్మానుష్యం. పైగా ఎక్కువ కబుర్లు పక్క కోరుతోనే, నాలుగడుగుల దూరానికే.

కరోనా నమూనాలో ఉంగరాల సంఖ్య సుమారు పది లక్షలు. ఒక్కో ఉంగరానికి మిల్లీవాటు కాదు, అందులో యాభయ్యో వంతు, 20 మైక్రోవాట్లు వేసుకున్నా కుంపట్లకే 20 వాట్లు. ఇంకా ఒక్క బిట్‌ కూడా కదల్లేదు మరి.

ఇంకో చిక్కు. కాంతిని నిలబెట్టలేం. కూడలిలో అడ్డం వస్తే తీగ మీది పొట్లాన్ని రౌటర్‌ మెమరీలో కాసేపు కూర్చోబెట్టొచ్చు. కాంతికి అలాంటి అరుగు లేదు. అందుకే కొలంబియా విశ్వవిద్యాలయంలో కెరెన్‌ బెర్గ్‌మన్‌, లూకా కార్లోని బృందం 2008 ప్రాంతంలో రెండంచెల పద్ధతి చెప్పింది. ముందు తీగల మీద చిన్న కబురు పంపి దారి పొడవునా గేట్లు తీయించాలి, తర్వాత కాంతిని ఒక్క ఊపున పంపాలి. పెద్ద మూటలకు భేషైన పద్ధతి. కానీ ప్రాసెసర్‌, మెమరీ మధ్య తిరిగే మామూలు పొట్లం 64 బైట్లు, అంటే 512 బిట్లు. టెరాబిట్‌ వేగంలో అది అర నానోసెకనులో వెళ్లిపోతుంది. ఇంటెల్‌ 80 కోర్ల చిప్‌లో ఒక్క కూడలి దాటడానికే సుమారు 1 నానోసెకను పట్టేది. అరడజను కూడళ్లలో గేట్లు తీయించే లోపు పొట్లం పదిసార్లు పోయి రాగలదు. ఆటోలో పోయే ఇద్దరి కోసం ప్రత్యేక రైలు వేయించినట్టు.

గుమ్మం దగ్గర మాత్రం కాంతిదే రాజ్యం

అయితే కాంతి ఓడిపోయినట్టేనా? అస్సలు కాదు. తగ్గ చోటు వెతుక్కుంది, అంతే.

2015 డిసెంబరులో 'నేచర్‌' పత్రికలో ఓ పత్రం వచ్చింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఎంఐటీ, కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి నేరుగా కాంతితో మాట్లాడే ప్రాసెసర్‌ను చేసి చూపించారు. 7 కోట్ల ట్రాన్సిస్టర్లు, 850 కాంతి భాగాలు ఒకే చిప్‌ మీద. అదీ మామూలు చిప్‌లు తయారయ్యే 45 నానోమీటర్ల పద్ధతిలోనే. చాలామంది గమనించని విషయం.. ఆ చిప్‌ లోపల కోర్లు కాంతితో మాట్లాడుకోలేదు. బయట ఇంకో చిప్‌లో ఉన్న మెమరీతో మాట్లాడటానికి కాంతిని వాడుకున్నాయి. ఆ బృందంలోని వారు పెట్టిన అయర్‌ ల్యాబ్స్‌ కంపెనీ వ్యాపారం కూడా చిప్‌కూ చిప్‌కూ మధ్య దారిదే.

చిప్‌ దాటగానే లెక్క తిరగబడటానికి కారణం ఉంది. బోర్డు మీద రాగి దారిలో పదీ ఇరవై సెంటీమీటర్లు పోవాలంటే సిగ్నల్‌ నీరసించిపోతుంది. దాన్ని నిలబెట్టే సర్క్యూట్లకే చాలా కరెంటు కావాలి. పైగా గుమ్మం దగ్గర అందరి ట్రాఫిక్‌ కలిసి ఒకే దారిలో పోతుంది కాబట్టి ఆ దారి ఖాళీగా ఉండదు. దూరమూ ఉంది, రద్దీ ఉంది. కాంతికి కావాల్సిన రెండూ అక్కడే దొరికాయి. ఇంటెల్‌ 2024లో ప్రాసెసర్‌ పక్కనే కూర్చునే కాంతి చిప్‌ను చూపించి బిట్‌కు 5 పికోజౌళ్లే అంది. డేటా సెంటర్లలో పెట్టెలకు గుచ్చే మామూలు కాంతి మాడ్యూళ్లకు సుమారు 15 పికోజౌళ్లు. 4 టెరాబిట్ల వేగానికి ఇది 20 వాట్లు, అది 60 వాట్లు. వేల కొద్దీ కనెక్షన్లున్న చోట ఈ తేడా చిన్నది కాదు.

అక్కడ కూడా సరిహద్దు ఎక్కడన్నది చూసి తీరాలి. 2024 మార్చిలో ఎన్విడియా 72 జీపీయూలున్న బీరువాను బయటపెట్టినప్పుడు, ఆ జీపీయూల మధ్య కాంతి కాదు, సుమారు 5,000 రాగి కేబుళ్లే వేశామని కంపెనీ అధినేత జెన్సెన్‌ హువాంగ్‌ వేదిక మీద చెప్పారు. కాంతి వాడి ఉంటే దాని పరికరాలకే 20 కిలోవాట్లు పోయేవట. మొత్తం బీరువా తాగేది 120 కిలోవాట్లు. సరిగ్గా ఏడాదికి, 2025 మార్చిలో, అదే కంపెనీ బీరువాల మధ్య ట్రాఫిక్‌ నడిపే స్విచ్‌ల్లో చిప్‌ పక్కనే కాంతి భాగాలు కూర్చోబెట్టామని, విద్యుత్‌ సామర్థ్యం 3.5 రెట్లు మెరుగైందని ప్రకటించింది. ఒకే కంపెనీ. బీరువాలో రాగి, బయట కాంతి. మాట మార్చారని కొందరు వెక్కిరించారు గానీ, అందులో తప్పేం లేదు. దూరం మారింది, లెక్క మారింది.

సరిహద్దు జరుగుతోంది

తీగ, కాంతి మధ్య హద్దు ఎక్కడుందన్నది గీసి పెట్టిన గీత కాదు. మన సరిహద్దు జిల్లాల వాళ్లకు ఆ సంగతి వేరే చెప్పాలా.. గీత మ్యాపులో ఉంటుంది, బతుకు రెండు వైపులా ఉంటుంది. లేజర్‌ను చిప్‌ మీదికే తెచ్చి, పని లేనప్పుడు ఆర్పేయగలిగితే 26 శాతం అన్న లెక్క దిగుతుంది. 2006లో ఇంటెల్‌, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి సిలికాన్‌ మీద లేజర్‌ను అతికించి చూపించాయి. 2024 నాటి ఇంటెల్‌ కాంతి చిప్‌లో లేజర్లు లోపలే ఉన్నాయి. ఉంగరం కింద సిలికాన్‌ను తొలిచి వేడి కిందికి జారిపోకుండా చేస్తే హీటర్‌ ఖర్చూ తగ్గుతుంది. ఈ రెండూ కుదిరిన కొద్దీ హద్దు లోపలికి జరుగుతుంది.

అటు చిప్‌ కూడా పెద్దదవుతోంది. అచ్చు వేసే యంత్రం ఒకేసారి వేయగలిగిన చిప్‌ గరిష్ఠ పరిమాణం 26 మిల్లీమీటర్లు, 33 మిల్లీమీటర్లు. అంతకు మించి కావాలంటే చిన్న చిప్‌లను పక్కపక్కన పేర్చి ఒకే పీట మీద కూర్చోబెడుతున్నారు. లైట్‌మ్యాటర్‌ అనే అమెరికా కంపెనీ 2025లో ప్రకటించిన కాంతి పీట 4,000 చదరపు మిల్లీమీటర్లకు పైనే. దానిమీద కూర్చున్న చిప్‌ల మధ్య కబుర్లు కాంతి దారుల్లో పోతాయి. ఈ దూరాల్లో తీగ నిజంగానే ఇబ్బంది పడుతుంది.

మరోవైపు సెరెబ్రాస్‌ కంపెనీ 2019 నుంచి పళ్లెమంత చిప్‌ చేస్తోంది. 46,225 చదరపు మిల్లీమీటర్లు, ఒక్కో వైపు జానెడు. 2024 నాటి రకంలో 9 లక్షల కోర్లు. ఇంత పెద్ద చిప్‌లో కోర్ల మధ్య నెట్‌వర్క్‌ అంతా తీగలే. కిటుకు ఏమిటంటే, ప్రతి కోరూ ఎక్కువగా పక్క కోరుతోనే మాట్లాడేలా పనిని పంచుతారు. జానెడు చిప్‌లోనూ కబురు నడిచేది చీమ నడకంత దూరమే. కాంతి రావాల్సిన అవసరాన్నే తప్పించారు.

ఈ లెక్కలు నేర్చుకోవాలనుకునే పిల్లలకు దూరం పోవాల్సిన పని లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలోని నానో సైన్స్‌ అండ్‌ ఇంజినీరింగ్‌ కేంద్రంలో సిలికాన్‌ మీద కాంతి దారులు చెక్కే పరిశోధన సాగుతోంది. చెన్నైలో ఐఐటీ మద్రాసులోనూ కేంద్ర ఎలక్ట్రానిక్స్‌, ఐటీ శాఖ నిధులతో ఇదే రంగానికి ఒక కేంద్రం నడుస్తోంది. 'మా కాంతి చిప్‌ తీగ కంటే వంద రెట్లు పొదుపు' అంటూ ఏదైనా ప్రకటన కనిపిస్తే, ఎంత దూరానికి, ఎంత రద్దీలో, లేజర్‌నూ హీటర్లనూ కలిపారా లేదా అన్నవి వెతకండి. చాలాసార్లు లేజర్‌ ఖర్చు 'బయటిది' అని పక్కన పెట్టేసి ఉంటుంది. కరెంటు మీటరుకు మాత్రం లోపలిదీ బయటిదీ తేడా తెలియదు.